కిటికీ పక్క బల్ల

మా తోడికోడలు చేసిన కర్ర విరిగిన రోజు నేను నవ్వాను. బుకాయించడం దేనికి, నవ్వాను. పెద్దగా కాదు, మూతి బిగబట్టుకుని. ఆమె చూడనే చూసింది. అంతకు ముందు ఇరవై రెండేళ్ళుగా మా ఇద్దరికీ ఉన్న గొడవలు ఒక ఎత్తు, ఆ నవ్వు ఒక ఎత్తు. ఆ రోజు నుంచి ఆమె జనం ముందు నన్ను "చెల్లీ" అంటుంది, జనం లేకపోతే "ఏయ్" అంటుంది. నేను మాత్రం ఎప్పుడూ "అక్కా" అనే పిలుస్తాను. పళ్ళు నూరుతూ అనుకోండి, అది వేరే సంగతి.

మా ఇంటి కింది భాగమంతా మామగారి వర్క్‌షాపు. గాలం కర్రలు చేస్తాం. కాలవ గట్టున కూచుని చిన్న చేపలు పట్టుకునే కర్రలు కాదు. ఈకలతో కట్టిన వేలెడంత ఎర సముద్రంలోకి విసిరి, మనిషి బరువున్న చేపని లాగే కర్రలు. వాటిని ఫ్లై రాడ్లు అంటారు. మేం కర్రలనే అంటాం, అందులో కర్రముక్క ఒక్కటి లేకపోయినా. తొమ్మిది అడుగుల కార్బన్ గొట్టం, నాలుగు ముక్కలుగా విడిపోయేది. దాని మీద లైను, అంటే గాలం తాడు, నడవడానికి వరసగా రింగులు. కింద పట్టుకోవడానికి కార్క్ పిడి, లైను చుట్టుకునే రీలు బిగించే చోటు. చూస్తే ఇంతేనా అనిపిస్తుంది. చేసేవాళ్ళకి తెలుస్తుంది.

వర్క్‌షాపులో రెండు బల్లలు. ఒకటి కిటికీ పక్కన, వెలుతురు పడేచోట. అక్కడ కూచున్న మనిషే కర్ర మొదలుపెట్టి, ముగించి, పిడి పైన తన పేరులో మొదటి అక్షరం సిరాతో రాసి, దాని మీద ఎపాక్సీ, అంటే ఆరితే అద్దంలా గట్టిపడే జిగురు, పూస్తుంది. రెండోది వెనక గోడ దగ్గర, ప్యాకింగ్ బల్ల. అక్కడ కూచున్న మనిషి సంచులు కుడుతుంది, గొట్టాలు మూస్తుంది, చిరునామాలు అంటిస్తుంది, వేడి కాఫీలా కుతకుతా ఉడుకుతూ కూచుంటుంది.

ఎవరు ఎక్కడ కూచోవాలన్నది మామగారి రూలు. కర్ర పూర్తయ్యాక దాన్ని చేసిన మనిషే, కొనే మనిషి కళ్ళ ముందు, బరువు లాగి చూపించాలి. ఏడు కిలోలు. ఆ పరీక్షలో విరిగితే చేసినవాళ్ళు ఏడాది పాటు కిటికీ బల్ల దిగి ప్యాకింగ్ బల్లకి పోవాలి. పరీక్ష దాటి, రేపు సముద్రంలో మన చేతి తప్పు వల్ల విరిగిందని తేలితే మటుకు ఇక జన్మలో కర్ర ముట్టుకోకూడదు. చేప లాగుతుండగా కర్ర పగిలితే కార్బన్ చీలికలు సూదుల్లా ఎగురుతాయి. చేతిలో దిగొచ్చు, కంట్లో దిగొచ్చు. అందుకే అంత రూలు. మామగారు చెప్పడమే కాదు, ఒకసారి తన కర్ర పరీక్షలో విరిగితే తనే ఏడాది సంచులు కుట్టారు. డెబ్భై తొమ్మిదేళ్ళు ఆయనకి. ఒక చెవి వినపడదు. ఏ చెవో మాకు ఇంతవరకు తేలలేదు, అవసరాన్ని బట్టి మారుతుంది.

కిందటేడు మా తోడికోడలి కర్ర విరిగింది. పదకొండేళ్ళు కూచున్న బల్ల దిగింది, నేనెక్కాను. ఈ ఏడాదిలో నా చేతి కర్ర ఒక్కటి కూడా విరగకపోతే బల్ల ఇక నాదేనని మామగారు మా ఇద్దరి ముందూ చెప్పారు. ఒక్కటి విరిగిందా, ఆమె తిరిగి ఎక్కుతుంది. పదహారు చేశాను. పదహారూ నిలబడ్డాయి. ఏడాది నిండడానికి నెల్లాళ్ళుందనగా పదిహేడోది వచ్చింది. అదే ఆఖరుది.

తెచ్చినాయన పళ్ళ డాక్టరు. సన్నగా, పొడుగ్గా, మాట తక్కువగా ఉండే మనిషి. వచ్చీ రాగానే నా చేతుల వంక చూశాడు, నా మొహం వంక కాదు.

"పన్నెండో నంబర్ కావాలమ్మా. పెద్ద చేపలకి. మూడు వారాల్లో పడవ ఎక్కుతున్నాను. మళ్ళీ ఏడాది దాకా సెలవు దొరకదు" అన్నాడు.

"మూడు వారాలంటే కష్టమండీ. ఆ నంబర్ గొట్టం మా దగ్గర ఒక్కటే ఉంది. ఇంకోటి తెప్పించాలంటే మూడు నెలలు" అన్నాను.

"ఒక్కటి చాలుగా."

వెనక బల్ల దగ్గర్నుంచి మా తోడికోడలు తేనె పూసిన గొంతుతో, "చాలండీ, చాలు. మా చెల్లి చెయ్యి పడితే తిరుగేముంది" అంది. ఆ గొంతు వింటే నాకు అరికాలి మంట నెత్తికెక్కుతుంది.

డాక్టరు అరచెయ్యి కొలిచాను. వేళ్ళు పొడుగు, అరచెయ్యి సన్నం. పిడి మామూలుకంటే కాస్త సన్నంగా, బొటనవేలు ఆనేచోట ఉబ్బెత్తుగా చెక్కాలని రాసుకున్నాను. కర్ర అడుగున పొట్టకి ఆనించుకునే గుండీ మెత్తగా ఉండాలన్నాడు, కిందటిసారి ఏదో కర్రతో పొట్ట మీద కమిలిపోయిందట. "మీరు జనం పళ్ళు పీకుతారు, చేప మీ పొట్ట పీకింది" అన్నాను. నవ్వుతాడేమో అనుకున్నా, నవ్వలేదు. "నొప్పి లేకుండా పీకుతానమ్మా నేను" అన్నాడు. మనిషి నచ్చాడు నాకు.

పని మొదలుపెట్టాను. గొట్టం ప్రతి ముక్కనీ నేల మీద నిలబెట్టి, పైన చేత్తో వంచి, అది తనంతట తాను ఏ పక్కకి తిరుగుతుందో చూసి పెన్సిల్‌తో గుర్తు పెట్టాను. ఏ గొట్టమూ అన్ని పక్కలా ఒకేలా వంగదు, ఒక పక్క మొండికేస్తుంది. ఆ పక్క తెలుసుకుని రింగులు కట్టాలి. కార్క్ బిళ్ళలు ఒకదానికొకటి అతికించి, ఆరాక అరగదీసి పిడి చేశాను. రింగులకి అటూ ఇటూ ఉండే కాళ్ళని ఆకురాయితో పల్చగా అరగదీశాను, దారం గట్టు ఎక్కినట్టు కాకుండా జారినట్టు ఎక్కాలని. ఇదంతా నాలుగు రోజులు. నాలుగు రోజులూ మా తోడికోడలు వెనకాల నుంచి ఒక్క మాట అనలేదు. అందుకే నాకు భయం వేసింది.

అయిదో రోజు రింగుల కాళ్ళని గొట్టానికి కట్టేస్తూ దారం చుట్టడం. నీలం దారం, అంచుల్లో సన్నటి వెండి గీత. డాక్టరు అడగలేదు, నాకే ముచ్చటేసింది. అడుగునుంచి రెండో ముక్క మీద అన్నిటికంటే పెద్ద రింగు కడుతున్నాను. బరువంతా ఆ చుట్టుపక్కలే పడుతుంది. దారం చుట్టడం అయిపోతుందనగా, మిగిలిన కొసని ముందే కత్తెరతో పొట్టిగా కోసి, చివరి చుట్ల కిందికి లాగేసి దాచాలి. అది మామగారి పద్ధతి. దారం ఎక్కాక గొట్టం మీదికి బ్లేడు రాకూడదు. ఆయన నేర్పిన మొదటి పాఠం అదే, పెళ్ళయి ఈ ఇంటికి వచ్చిన వారానికే నేర్పారు.

సరిగ్గా అప్పుడు ఎత్తుకుంది ఆవిడ.

"వెండి గీతలా? అబ్బో. అరువు బల్ల మీద ఎంత సోకు."

నేను పలకలేదు.

"నువ్వు దారం చుడితే దెబ్బకి కట్టు కట్టినట్టుంటుందే. ముడ్డి దగ్గర లావు, మూతి దగ్గర లావు. డాక్టరు గదా, పాపం, అలవాటేలే ఆయనకి కట్లు."

కొస మరీ పొట్టిగా కోసినట్టున్నాను, లాగేటప్పుడు సగంలో ఆగి, చుట్ల మధ్యలోంచి వెంట్రుకంత మొన బయటకొచ్చింది. విప్పి మళ్ళీ చుట్టాలి. పావుగంట పని. కానీ విప్పానంటే ఆవిడ చూస్తుంది. చూసి ఊరుకునే రకమా?

"మామగారికి కళ్ళు కనపడట్లేదు గాబట్టి సరిపోయింది గానీ..." అని ఇంకా ఏదో అనబోతోంది.

నా ఒళ్ళు మండిపోయింది. కార్క్ కోయడానికి పెట్టుకున్న బ్లేడు పక్కనే ఉంది. తీశాను, ఆ మొన మీద పెట్టి గీశాను. పైకి గీయాల్సింది. కోపంతో ఉన్న చెయ్యి పైకీ కిందకీ చూసుకోదు. టిక్ మని చిన్న చప్పుడైంది. చప్పుడు కూడా కాదు, వేళ్ళకి తెలిసింది.

మా తోడికోడలు అనబోయే మాట ఆపేసింది. ఎందుకు ఆపిందా అని నాకప్పుడు తట్టలేదు.

భూతద్దం పెట్టి చూశాను. దారం నున్నగా ఉంది. కింద గొట్టం కనపడదు. గీత పడిందో, దారం తెగిన చప్పుడో ఎవరు చెప్పాలి? కార్బన్ గొట్టానికి అడ్డంగా గోరు గీరినంత గాటు పడినా చాలు, ఏదో ఒక రోజు అక్కడే తెగుతుంది. దారం విప్పితే తెలుస్తుంది. విప్పి, గాటు ఉందంటే, గొట్టం చెత్తబుట్టకే. ఇంకోటి మూడు నెలలకి గానీ రాదు. డాక్టరు పడవ వెళ్ళిపోతుంది. పైగా ఎలా జరిగిందో మామగారికి చెప్పాలి. బ్లేడు అని చెప్పాలి. ఆవిడ ముందు.

విప్పలేదు నేను. నోరు మూసుకుని తర్వాతి రింగు అందుకున్నాను.

ఆ రాత్రి భోజనాల దగ్గర మా ఆయనతో మాత్రం అన్నాను. మా ఆయనా బావగారూ హార్బర్‌లో పడవ ఇంజన్లు బాగుచేస్తారు, వర్క్‌షాపు గొడవల్లోకి చచ్చినా రారు.

"ఒకవేళ ఒక కర్రలో ఏదో తేడా ఉందేమోనని అనుమానం ఉంటే, ఉందో లేదో తెలియకపోతే, ఏం చేస్తారు?" అన్నాను.

"ఎవరి కర్ర?"

"ఎవరిదైతేనేం."

"వదినదైతే చెప్పేస్తావు. నీదైతేనే నన్నడుగుతావు" అన్నాడు మజ్జిగ కలుపుకుంటూ. అక్కడికి ఊరుకున్నాడు. ఎంత తెలివైన మనిషో, అంత పనికిమాలిన మనిషి.

ఎపాక్సీ పూశాను. కర్రని మోటారు మీద పెట్టాను, కారకుండా అది గంటల తరబడి నెమ్మదిగా తిరుగుతూ ఉంటుంది. ఆరాక రెండో పూత. పిడి పైన నా అక్షరం రాసి దాని మీదా పూశాను. బ్లేడు గీసిన రోజు నుంచి పరీక్ష దాకా పదకొండు రోజులు. ఆ పదకొండు రోజులూ నా బుర్రలో ఒకటే లెక్క. పరీక్షలో విరిగితే బల్ల పోతుంది, ఆవిడ ఎక్కుతుంది. విరక్కపోతే బల్ల నాది. సముద్రంలో విరిగితే? అప్పటి సంగతి అప్పుడు, అసలు గాటు ఉందని ఎవరన్నారు? అలా సర్దిచెప్పుకున్నాను. రోజుకి పదిసార్లు.

ఆవిడ కూడా ఆ పదకొండు రోజులూ మెత్తగా మారిపోయింది. తిరుగుతున్న కర్ర దగ్గరికి వచ్చి కళ్ళజోడు సవరించుకుని చూసేది. పెద్ద రింగు దగ్గర కాసేపు ఎక్కువ నిలబడేది. "బాగా కుదిరింది చెల్లీ" అనేది. జనం లేకపోయినా చెల్లీ అనేది.

పరీక్ష రోజు ఉదయం పదింటికి డాక్టరు వచ్చాడు. కొనేవాళ్ళందరికీ చెప్పినట్టే బల్లల రూలు చెప్పి, చీలికలు తగలకుండా ఆయన్ని మూలనున్న ఇనప తీగల తెర వెనక్కి నిలబెట్టాం. నేను తోలు ఏప్రన్ కట్టుకుని, పెద్ద కళ్ళద్దాలు పెట్టుకున్నాను. నేలలో బిగించిన కొక్కేనికి స్ప్రింగు కాటా తగిలించి, దానికి లైను కట్టాను. మామగారు కాటా పక్కన పీట వేసుకుని కూచున్నారు, అంకెలు చదవడానికి. ఆ చూపు మాత్రం ఆయనకి బాగానే ఉంది. మా తోడికోడలు ప్యాకింగ్ బల్లకి ఆనుకుని చేతులు కట్టుకుంది.

పిడి రెండు చేతులా పట్టుకుని వెనక్కి వాలాను. కర్ర కొన వంగింది, తర్వాత నడుము వంగింది.

"మూడు" అన్నారు మామగారు. "నాలుగు."

లైను బిగుసుకుని సన్నగా మోగుతోంది.

"అయిదు. నెమ్మదిగా. ఆరు."

పెద్ద రింగు దగ్గరే నా చూపంతా. చెమట కళ్ళద్దాల్లోకి కారుతోంది. ఆగు, ఆగు, ఒక్క నిమిషం ఆగు అని కర్రని బతిమాలుతున్నాను లోపల్లోపల.

"ఏడు."

విరగలేదు.

"చాలు. దించమ్మా" అన్నారు మామగారు. గొంతులో సంతోషం. తెర వెనక డాక్టరు ఊపిరి వదలడం వినిపించింది. బల్ల నాదైపోయింది. ఇరవై రెండేళ్ళ తర్వాత, ఆ కిటికీ, ఆ వెలుతురు, అన్నీ నావే.

అప్పుడు చూశాను మా తోడికోడలి మొహం. వెలిగిపోతోంది.

ఇరవై రెండేళ్ళుగా చూస్తున్నాను ఆ మొహాన్ని. మా ఆయనకి ప్రమోషన్ వచ్చినప్పుడు చూశాను, నా కొడుక్కి ఉద్యోగం వచ్చినప్పుడు చూశాను, పదహారు కర్రలు నిలబడిన పదహారు సార్లూ చూశాను. నాకు మంచి జరిగితే ఆ మొహం ఒక్కసారైనా వెలగలేదు. మాడిపోయేది. ఇవాళ ఏడు కిలోలు నిలబడితే, బల్ల తనకి దక్కకుండా పోతే, దీపం పెట్టినట్టు ఎందుకు వెలుగుతోంది?

నాకు అర్థమైపోయింది. ఆమెకి తెలుసు. ఆ రోజే తెలుసు. మాట మధ్యలో ఆపింది అందుకు. ఇక్కడ విరిగితే నాకు ఏడాది. సముద్రంలో విరిగితే, నా అక్షరంతో విరిగితే, నాకు జన్మంతా. ఏడాది ఆమెకి చాల్లేదు. ఆమెకి నన్ను మొత్తంగా దింపాలనుంది.

"దించమంటున్నా" అన్నారు మామగారు.

నేను దించలేదు. కాళ్ళు ఇంకాస్త ఎడంగా పెట్టి వెనక్కి వాలాను.

"చిన్నమ్మాయ్. ఏం చేస్తున్నావ్? ఏడున్నర."

మంచి కర్రయితే పది దాకా లాగినా నవ్వుతుంది. ఆవిడ మొహం చూస్తూనే లాగాను. వెలుగు తగ్గడం మొదలైంది.

"ఎనిమిది. నీకేమైనా పిచ్చా?"

"చెల్లీ, వద్దు" అంది ఆవిడ. అంతసేపటికి నోరు తెరిచింది.

ఇంకొంచెం వాలాను. ఫటేల్మంది. నేను వెనక్కి వెళ్ళి గోడకి కొట్టుకున్నాను. నల్లటి చీలికలు తీగల తెరకి తగిలి గలగలా రాలాయి. చేతిలో పిడి మిగిలింది, పిడి పైన నా అక్షరం మిగిలింది.

మామగారు పీట మీంచి లేచి విరిగిన ముక్క తీసుకున్నారు. కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి వెలుతురుకి పెట్టి చూశారు. విరిగినచోట సగం దాకా పీచుపీచుగా ఉంది. మిగతా సగం తిన్నగా ఉంది, కోసినట్టు.

"బ్లేడు" అన్నారు.

"నేనే" అన్నాను.

"ఎప్పుడు?"

"పదకొండు రోజులైంది. టిక్ మంది. విప్పి చూడలేదు. చెప్పలేదు." అక్కడితో ఆపొచ్చు. నా నోరు ఆగితేగా. "అక్కకీ తెలుసు. ఆ రోజే తెలుసు."

"నాకేం తెలుసే? నీ తప్పు నా మీదకి తోస్తావా?" అంటూ మీదికొచ్చింది.

"తెలియకపోతే పెద్ద రింగు దగ్గరే ఎందుకు నిలబడేదానివి రోజూ? ఏడు అనగానే ఎందుకలా వెలిగింది నీ మొహం?"

"వెలుగుతుంది. నువ్వు నవ్వలేదూ కిందటేడు? నా కర్ర ముక్కలై నేల మీద పడుంటే, నేను ఏడుపు ఆపుకుంటుంటే, అక్కడ నిలబడి నవ్వావు నువ్వు. టిక్ మన్నప్పుడే అనుకున్నాను, దేవుడు నా మొర విన్నాడని. పదకొండేళ్ళు ఆ బల్ల మీద కూచున్నదాన్ని, ఆ చప్పుడు నాకు తెలియదా? పోనివ్వు, సముద్రం దాకా పోనివ్వు అనుకున్నాను. నీ పేరు మీద విరగాలి, మళ్ళీ ఈ గుమ్మం తొక్కకూడదు అనుకున్నాను. ఇప్పుడేమంటావ్?"

మామగారు మా ఇద్దరి వంకా చూస్తూ నిలబడ్డారు, చేతిలో ఆ ముక్కతోనే. ఈసారి ఏ చెవీ వినపడకుండా పోలేదు ఆయనకి.

తీగల తెర పక్కకి జరిగింది. డాక్టరు సంగతి అందరం మర్చిపోయాం. ఆయన వచ్చి నా ముందు నిలబడ్డాడు. మొహం పాలిపోయి ఉంది, అయినా గొంతు మెత్తగానే ఉంది.

"అమ్మా, ఏడు దగ్గర మీరు ఆపేసి ఇచ్చేసుంటే నేను నవ్వుకుంటూ పట్టుకుపోయేవాణ్ణి. మీ బల్ల పోతుందని తెలిసి కూడా విరగ్గొట్టారు. నన్ను కాపాడారు మీరు" అన్నాడు. చేతులెత్తి దణ్ణం పెట్టబోయాడు.

ఊరుకుంటే సరిపోయేది. తల వంచుకుని, కళ్ళు తుడుచుకుంటే సరిపోయేది. ఆవిడ ముందు, మామగారి ముందు, నేను మంచిదాన్నయిపోయేదాన్ని. బల్ల పోయినా పేరు మిగిలేది. ఆ మాట ఎంత తియ్యగా ఉందో చెప్పలేను. కానీ ఆ మనిషి చేతులు చూశాను. నేను కొలిచిన చేతులే. వేలు వేలుకీ కొలత రాసుకున్నాను, బొటనవేలు ఎక్కడ ఆనుతుందో కూడా నాకు తెలుసు.

"దణ్ణం పెట్టకండి డాక్టరుగారూ. మిమ్మల్ని కాపాడదామని విరగ్గొట్టలేదు" అన్నాను.

"మరి?"

"ఆమె నవ్వు చూసి విరగ్గొట్టాను. ఆమె అనుకున్నది జరగకూడదని. ఆమె మొహం అలా వెలగకపోయుంటే, దించేసి, సంచిలో పెట్టి, మీ చేతికిచ్చి పంపేసేదాన్ని. ఈ పదకొండు రోజుల్లో మీరు నాకు ఒక్కసారి కూడా గుర్తు రాలేదండీ. ఆమే గుర్తొచ్చింది, లేచినప్పట్నుంచి పడుకునేదాకా."

ఆయన చేతులు కిందికి దిగాయి. మా తోడికోడలి వైపు తిరిగాడు.

"మీకమ్మా? మీకైనా గుర్తొచ్చానా?"

ఆమె నోటికి మాట దొరకకపోవడం నేను పుట్టి బుద్ధెరిగాక అదే చూడటం. సంతోషం కలగాల్సింది నాకు. కలగలేదు.

డాక్టరు బల్ల మీదున్న తన కొలతల కాగితం తీసుకుని, మడిచి, జేబులో పెట్టుకున్నాడు. "ఆ కర్ర పట్టుకుని పడవలో నిలబడి ఉండేవాణ్ణి నేనమ్మా" అన్నాడు, ఎవరితోనో తెలియకుండా. చెప్పులేసుకుని వెళ్ళిపోయాడు. తలుపు కూడా నెమ్మదిగానే వేశాడు.

నేను ఏప్రన్ విప్పి, కిటికీ బల్ల మీదున్న నా కళ్ళజోడు, కత్తెర తీసుకున్నాను. రూలు రూలే. మా తోడికోడలు ఆ బల్ల వైపు ఒక అడుగు వేసింది. సిగ్గు లేక కాదు, అలవాటు, పదకొండేళ్ళ అలవాటు.

"ఎక్కడికి?" అన్నారు మామగారు.

ఆమె ఆగిపోయింది.

"దాని చెయ్యి జారింది. తెలిసీ ఊరుకుంది. నువ్వూ తెలిసే ఊరుకున్నావు. చెయ్యి జారినందుకు ఏడాది సరిపోతుంది. ఇలా ఊరుకున్నవాళ్ళకి ఎన్నేళ్ళో నేను రూలు పెట్టలేదమ్మా. ఈ ఇంట్లో అవసరం పడుతుందనుకోలేదు."

నాకు నేల చీలి లోపలికి పోతే బాగుండుననిపించింది.

ఆయన కిటికీ బల్ల మీదున్న దారం కండెలు, సీసాలు, పెన్సిళ్ళు ఒక్కొక్కటే తీసి డబ్బాలో పెట్టారు. మోటారు వైరు ఊడదీశారు. బల్లంతా ఖాళీ అయ్యాక అరచేత్తో దుమ్ము తుడిచారు. అలా తుడుస్తూనే, మా వైపు చూడకుండా అన్నారు.

"పైనుంచి ఒక దుప్పటి పట్టుకురండి, ఎవరో ఒకరు. దీన్ని కప్పేద్దాం."

ఇద్దరం మెట్ల వైపు కదిలాం. ఇద్దరం ఆగాం. ముందు ఎవరు వెళ్ళాలో తెలియక అక్కడే నిలబడిపోయాం.